స్పర్శ నేర్చుచున్న యంత్రములు – చేతిపని మఱచుచున్న పిల్లలు

మానవునకు దేవుడు ప్రసాదించిన పంచేంద్రియములలో కంటికిని చెవికిని గల గౌరవము చర్మమునకు లేదు. చూపు పోయినవానిని గని జాలిపడుదుము. వినికిడి లేనివానితో బిగ్గఱగా మాటలాడుదుము. స్పర్శ పోయినవాని దుస్థితి యెట్టిదో మనలో పెక్కుమంది యెఱుగనే యెఱుగరు. పుట్టిన శిశువు తల్లిని మొదట తెలిసికొనునది స్పర్శవలననే. తుదిగడియలలో మాట పడిపోయిన వృద్ధునకు మన ప్రేమను తెలుపునదియు చేతిని పట్టుకొనుటయే. అయినను ఈ యింద్రియమును గూర్చి మన తరగతులలో చెప్పుకొనునది మిక్కిలి స్వల్పము.

అట్టి స్పర్శను గూర్చి నేడు ప్రపంచమందలి గొప్ప విద్యాపీఠములలో విశేషమైన పరిశోధన జరుగుచున్నది. దీనికి హాప్టిక్స్ అని పేరు. తాకుట యను అర్థమిచ్చు గ్రీకుమాటనుండి యీ పేరు పుట్టినది. మనము స్పర్శశాస్త్రమని పిలుచుకొనవచ్చును. ముట్టుకొన్నట్లు తెలియజేయు చేతితొడుగులు, దారి చూపు పాదరక్షలు, శస్త్రవైద్యుని చేతికి లోబడి పనిచేయు యంత్రహస్తములు, సముద్రగర్భమున మానవునికి బదులు వస్తువులను పట్టుకొను యంత్రమానవులు – ఇవి యన్నియు ఈ శాస్త్రమునకు చెందినవే. దీనిని గూర్చి మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచదలచితిమి. ఏలయన, యంత్రములకు స్పర్శ నేర్పుటకై పండితులు జీవితములను ధారపోయుచున్న ఈ కాలముననే మనము మన పిల్లలచేత చేతిపని మాన్పించుచున్నాము. ఈ రెండింటికిని గల సంబంధమును చూపుటయే మా యుద్దేశము.

మొదట స్పర్శ యన నేమో విచారింతము. అది ఒక్కటి గాదు. మెత్తదనము, గరుకుదనము, వేడిమి, చల్లదనము, ఒత్తిడి, అదురు, నొప్పి – ఇన్ని వేఱువేఱు వార్తలను చర్మము మెదడునకు పంపుచుండును. ఒక్కొక్క చేతియందు, అరచేతను వ్రేళ్లను గలిపి, తాకిడిని తెలుపు నాడీతంతువులు సుమారు 17,000 కలవని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వానిలో కొన్ని నిలుకడయైన ఒత్తిడిని తెలుపును. కొన్ని సన్నని అదురును తెలుపును. కొన్ని చర్మము సాగుటను తెలుపును. కొన్ని వస్తువు చేతినుండి జాఱబోవు క్షణమును ముందుగానే హెచ్చరించును. నీళ్లు నిండిన గాజుగ్లాసును మనము పగులగొట్టకయు జాఱవిడువకయు పట్టుకొనగలుగుట ఈ హెచ్చరికల వలననే.

ఆ దేశముననే ఉమియో విశ్వవిద్యాలయమందు రోలండ్ జొహాన్సన్ అను ఆచార్యుడు ఒక చిన్న పరీక్ష చేసి చూపెను. అగ్గిపెట్టెనుండి పుల్లను తీసి వెలిగింపుమని ఒకరిని కోరగా క్షణములలో పని ముగిసినది. పిమ్మట వ్రేళ్లకొనలకు తిమ్మిరి మందెక్కించి అదే పనిని మరల చేయుమనిరి. కన్నులు చూచుచునే యున్నవి. కండరములు బలముగానే యున్నవి. అయినను పుల్ల జాఱిపోవుచు, వంకరలు పోవుచు, పలుమాఱులు యత్నించినగాని వెలుగలేదు. కన్ను చేయజాలని పనిని చర్మము చేయుచున్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

చర్మము వార్తను ఎట్లు పుట్టించునో కనిపెట్టినందుకే 2021లో వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అను ఇరువురకు లభించెను. జూలియస్ పండితుడు మిరపకాయ మంటకు మూలమైన కాప్సెయిసిన్ అను పదార్థమును సాధనముగా గొని, నాడులయందలి ఒక సూక్ష్మద్వారమును 1997లో వెల్లడించెను. కారమునకు తెఱచుకొను ఆ ద్వారమే కాలు వేడిమికిని తెఱచుకొనునట! కాబట్టి గుంటూరు మిరపకాయ నోటిని మండించెనని మన మనుట ఉత్త అలంకారము గాదు. నాడికి ఆ రెండును ఒక్కటే వార్త. పటపూటియన్ పండితుడు ఒత్తిడికి తెఱచుకొను ద్వారములను 2010లో కనుగొనెను. వంటింటిలో మన తల్లులు దినదినమును ఎఱిగిన సంగతికి హేతువును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు ఇంత కాలము పట్టినది. శాస్త్రమునకు తగని చిన్న విషయము లోకములో లేదని విద్యార్థులు దీనినుండి గ్రహింతురుగాక.

ఇక స్పర్శ పోయిన యెడల ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము దక్షిణదేశముననే దొరకినది. పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1914లో నేటి తమిళనాడునందలి కొల్లిమలలలో మిషనెరీ దంపతులకు జన్మించెను. వైద్యవిద్యకు పూర్వము అతడు కొన్నియేండ్లు ఇంగ్లండునందు వడ్రంగమును తాపీపనిని నేర్చుకొనెను. 1946లో వెల్లూరి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠువ్యాధిగ్రస్తుల చేతులను పరీక్షింప దొడగెను. ఆ వ్యాధి మాంసమును కుళ్లించి వ్రేళ్లను రాల్చునని అంతవఱకు లోకము నమ్ముచుండెను. ఆ నమ్మకము తప్పని బ్రాండు నిరూపించెను. వ్యాధిక్రిమి చంపునది నాడులను. నాడి చచ్చిన చోట నొప్పి యుండదు. నొప్పి లేని చోట జాగ్రత్త యుండదు.

అతడు చూచిన దృశ్యములు హృదయమును కలచివైచునట్టివి. ఒక వృద్ధుడు నిప్పులలో పడిన గడ్డదుంపను వట్టిచేతితో తీసి యిచ్చి, చేయి కాలెనని యెఱుగక నిలుచుండెను. త్రుప్పుపట్టిన తాళమును బ్రాండు తిప్పలేకపోగా, ఒక బాలుడు సునాయాసముగా తిప్పెను. చూడగా ఆ బాలుని వ్రేలు ఎముకవఱకు తెగియుండెను, వానికి తెలియనే లేదు. నిద్రించువారి వ్రేళ్లను రాత్రులందు ఎలుకలు కొఱికిపోయినను మెలకువ రాకుండెను. ఆ వ్రేళ్లను తీసికొన్నది వ్యాధి గాదు, నొప్పి లేమి. ఈ రహస్యము తెలిసిన పిమ్మట బ్రాండు చచ్చుబడిన చేతులకు శస్త్రచికిత్స చేసి, పనిచేయు కండరముల నరములను చచ్చుబడినవాని స్థానమునకు మరల్చి, ముడుచుకొన్న వ్రేళ్లను తెఱిపించెను. అంతటితో నిలువక, తాను యౌవనమున నేర్చిన వడ్రంగమును వారికి నేర్పి, గాయపడకుండ పనిచేయు తెఱగును చూపెను.

మన తెలుగునాటను ఈ వ్యాధిగ్రస్తుల సేవకు పూర్వచరిత్ర కలదు. నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో 1915లో స్థాపింపబడిన ఆసుపత్రిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు చేసిన సేవను పెద్దలు నేటికిని స్మరింతురు. నేడు బహుళౌషధ చికిత్సచేత వ్యాధి నిశ్చయముగా నయమగును. 1981నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విధించుచున్నది. కాని ఆలస్యముగా వచ్చినవారికి చచ్చిన నాడులు తిరిగి బ్రదుకుట అరుదు. ఔషధము క్రిమిని చంపగలదు. పోయిన స్పర్శను తేలేదు.

ఈ కొఱతను యంత్రముచేత తీర్చవచ్చునా యని మొట్టమొదట యత్నించినవారిలో బ్రాండును ఒకడు. అతడు 1966లో అమెరికాయందలి లూసియానా రాష్ట్రమున కార్విల్ అను చోటి కుష్ఠువైద్యశాలకు పోయి, యంత్రనిపుణుల సాయముతో కృత్రిమమైన నొప్పిని నిర్మింప బూనెను. చేతితొడుగులలోను, పాదరక్షలలోను ఒత్తిడిని కొలుచు చిన్న సాధనములు కుట్టబడినవి. ఒత్తిడి మితి మీఱినప్పుడు చెవిలో ధ్వని పుట్టునట్లు చేసిరి. రోగులు ధ్వనిని విని యూరకుండిరి. దీపము వెలుగునట్లు చేసిరి, దానిని లెక్కచేయలేదు. తుదకు స్పర్శ మిగిలియున్న చంకలో విద్యుత్తు చుఱుక్కుమనునట్లు అమర్చిరి. అప్పుడు జరిగినదేమి? రోగి కష్టమైన పనికి పూనుకొనునపుడు మీటను ఆపివేసి, ఆ పనిని ముగించి, మరల మీటను వేసికొనుచుండెను! ఎంతయో ధనము, ఎన్నియో యేండ్లు వ్యయమైన పిమ్మట బ్రాండు ఆ యత్నమును విరమించుకొనెను.

విద్యార్థులు ఈ వృత్తాంతమును మఱవకుందురుగాక. యంత్రము లోపభూయిష్ఠమై విఫలము కాలేదు. అది చెప్పవలసిన వార్తను చెప్పినది. కాని వార్త వేఱు, బాధ వేఱు. దేవుడు మన దేహమున అమర్చిన నొప్పికి మీట లేదు. అందుచేతనే అది మనలను కాపాడుచున్నది. మన చేతిలో మీట యున్న హెచ్చరిక హెచ్చరికయే గాదు. మనస్సాక్షియు నిట్టిదే యని వేఱుగ చెప్పనక్కఱలేదు. దానిని ఆపి పనిచేసికొని మరల వేసికొందమనువాడు తన వ్రేళ్లను తానే పోగొట్టుకొనుచున్నాడు.

అట్లని స్పర్శయంత్రములు వ్యర్థములని మేమనుట లేదు. బ్రాండు కాలమునకును నేటికిని శాస్త్రము బహుదూరము నడచినది. 2014లో ఇటలీ, స్విట్జర్లాండు దేశముల పరిశోధకులు, సిల్వెస్ట్రో మిసెరా నాయకత్వమున, ఒక అపూర్వకార్యమును ప్రకటించిరి. బాణసంచా ప్రమాదమున ఎడమచేయి పోయిన ఒక డెన్మార్కు దేశస్థునికి కృత్రిమహస్తమును అమర్చి, దాని వ్రేళ్లయందలి సాధనములను అతని బాహువునందలి నాడులకే సన్నని తీగలతో కలిపిరి. కన్నులకు గంతలు కట్టినను అతడు తాను పట్టుకొన్న వస్తువు మెత్తనిదో గట్టిదో, గుండ్రనిదో పలకలుగలదో చెప్పగలిగెను. తొమ్మిదియేండ్లుగా లేని చేతిలో స్పర్శ మరల కలిగినది. ఇక్కడ వార్త చెవికి గాని కంటికి గాని పోలేదు, నాడికే పోయినది. బ్రాండు వెదకిన త్రోవ ఇదియే.

చూపు లేనివారికి స్పర్శయే కన్ను. 1809లో ఫ్రాన్సుదేశమున కూప్‌వ్రే గ్రామమందు గుఱ్ఱపు జీనులు కుట్టు వానికి జన్మించిన లూయీ బ్రెయిలు, మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టు కంట గ్రుచ్చుకొని క్రమముగా చూపు పోగొట్టుకొనెను. ఆఱు చుక్కలతో వ్రేళ్లు చదువగల లిపిని అతడు 1829లో ప్రకటించెను. మన దేశమున 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలు మూలమున తెలుగు అక్షరములును ఆ ఆఱు చుక్కలలోనే యొదిగినవి. అమృతసరమున 1887లో అంధబాలికలకును బాలురకును మన దేశమందలి తొలి పాఠశాలను తెఱచినది ఆనీ షార్ప్ అను మిషనెరీ స్త్రీ యని ఈ సందర్భమున స్మరించుట ధర్మము.

ఆ లిపి వేసిన బాటలోనే నేటి సాధనములు నడచుచున్నవి. అమెరికాయందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడైన జాన్ లిన్‌విల్, తన అంధయైన కుమార్తె సామాన్యమైన అచ్చుపుస్తకములనే చదువవలెనని కోరి, ఆప్టకాన్ అను యంత్రమును నిర్మించెను. అచ్చక్షరముమీద చిన్న కెమేరాను నడుపగా, ఆ యక్షరపు ఆకారము 144 సన్నని పుల్లల అదురుగా రెండవచేతి వ్రేలికి తెలియును. తండ్రి ప్రేమనుండి పుట్టిన ఆ యంత్రము 1970 తరువాత అనేకదేశములకు వ్యాపించినది. మన ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య బాలకృష్ణన్ మున్నగువారు రూపొందించి 2014లో వెలువరించిన స్మార్ట్‌కేన్ అను చేతికఱ్ఱ, గబ్బిలమువలె చెవికి వినరాని ధ్వనిని పంపి, మోకాటికి పైనున్న అడ్డును ముందుగా కనిపెట్టి, పిడియందలి అదురుచేత తెలుపును. సాధారణమైన తెల్లకఱ్ఱ నేలమీది గుంటను తెలుపగలదు గాని, ముఖమునకు తగులు చెట్టుకొమ్మను తెలుపలేదు. ఆ లోపమును ఇది తీర్చినది. అదే 2014లో సికిందరాబాదునందలి డ్యూసెరె సంస్థ లేచల్ అను పాదరక్షలను వెలువరించెను. తీసికొని పొమ్మని హిందీలో ఆ పేరునకు అర్థము. ఎడమకు తిరుగవలసియున్న ఎడమపాదమునను, కుడికి తిరుగవలసియున్న కుడిపాదమునను అదురు పుట్టును. వినికిడియే ఆధారమైన అంధుని చెవిని వీథిచప్పుళ్లకు విడిచిపెట్టి, దారిని పాదమునకు చెప్పుట యెంత మర్యాదగల ఆలోచన!

శస్త్రవైద్యమునను ఇట్టి సంగతియే. దా విన్చీ అను శస్త్రచికిత్సాయంత్రమునకు 2000లో అమెరికా ప్రభుత్వానుమతి లభించెను. వైద్యుడు దూరముగా కూర్చుండి మీటలను కదపగా యంత్రపు సన్నని వ్రేళ్లు రోగి దేహమున పనిచేయును. చూపునకు లోపము లేదు. కాని దారమును ఎంత బిగించుచున్నాడో వైద్యుని చేతికి తెలియకుండెను. ఆలిసన్ ఒకమూర, క్యాథరిన్ కూకెన్‌బెకర్ అను విదుషీమణులు ఈ కొఱతను తీర్చుటకై బహుకాలము కృషిచేసిరి. పనిముట్ల అదురును పట్టి వైద్యుని చేతికి చేర్చు ఉపాయమును కూకెన్‌బెకర్ శిష్యబృందము చూపెను. 2024లో అనుమతి పొందిన క్రొత్త దా విన్చీ యంత్రమున ఒత్తిడిని వైద్యుని చేతికి తెలుపు పనిముట్లు చేరినవి. బాలికలు ఈ పేర్లను గుర్తుంచుకొందురుగాక. ఈ శాస్త్రమున అగ్రగణ్యులలో స్త్రీలు పెక్కుమంది కలరు.

మానవుని కేంద్రముగా గొని యంత్రమును నిర్మించుట యనగా నేమో ఉసామా ఖతీబ్ అను స్టాన్‌ఫర్డ్ ఆచార్యుని పని చక్కగా చూపుచున్నది. అతడు నిర్మించిన ఓషన్‌వన్ అను యంత్రమానవుడు 2016లో ఫ్రాన్సు తీరమున, 1664లో మునిగిన లా ల్యూన్ అను 14వ లూయీ రాజుగారి ఓడ శిథిలములకు దిగెను. అది సుమారు 100 మీటర్ల లోతు. సాధారణముగా మనుష్యుడు దిగుట ప్రాణాపాయము. పైన నావలో కూర్చుండిన ఖతీబు చేతులలోని మీటలు, యంత్రహస్తమునకు తగిలిన ప్రతి ఒత్తిడిని అతనికి తెలిపినవి. మూడున్నర శతాబ్దములు ఇసుకలో పడియున్న ఒక చిన్న కూజాను పగులకుండ ఆ హస్తము పట్టుకొని పైకి తెచ్చెను. ఇచట యంత్రము మనుష్యుని తొలగింపలేదు. ప్రమాదమును మనుష్యునికి దూరము చేసి, అతని నేర్పును ప్రమాదస్థలమునకు పంపినది.

ఇన్ని యంత్రములను జూచిన పిమ్మట మంచిచెడ్డలను నిర్ణయించుటకు ఒక కొలత కావలెను. మా కొలత యిది: ఈ యంత్రము పోయిన స్పర్శను తిరిగి యిచ్చుచున్నదా, లేక ఉన్న స్పర్శను మాన్పించుచున్నదా? చేయి లేనివానికి చేయి, చూపు లేనివానికి దారి, వైద్యునికి సున్నితమైన పట్టు – ఇవి మొదటి తెగకు చెందినవి. వీనిని ఆనందముతో స్వాగతింపవలెను. రెండవ తెగవానిని గూర్చి మాత్రము జాగ్రత్త వహింపవలెను. జపానునందు షిబాత అను శాస్త్రజ్ఞుడు 1993నుండి కృషిచేసి, పారో అను సీలుపిల్ల యాకారముగల యంత్రమును నిర్మించెను. నిమిరిన తల యెత్తును, కన్నులు మూయును, మూలుగును. జ్ఞాపకశక్తి నశించిన వృద్ధులకు అది కొంత శాంతిని కలిగించుచున్నదని వైద్యశాలలవారు వాడుచున్నారు. అందుకు మేము ఆక్షేపింపము. కాని కుమారుడు సెలవులకును ఇంటికి రాక, తల్లి ఒడిలో అట్టి బొమ్మనుంచి ఋణము తీరెననుకొన్నచో, ఆ యంత్రము స్పర్శను ఇచ్చినది గాదు, దొంగిలించినది. మన పల్లెలనుండి దూరదేశములకు పోయిన బిడ్డలు వేలకొలది కలరు. వారు పంపు ధనమును, ముఖమును చూపు ఫోనులును మంచివే. ఏదో యొకనాడు అదురుతో కౌగిలింతను పంపు చొక్కాలును సుళువుగా దొరకవచ్చును. అప్పుడు కుమారులు వచ్చుట మఱింత తగ్గునా, హెచ్చునా యని నేడే ఆలోచించుకొనుట మేలు.

దైవమిచ్చిన దేహమున యంత్రములను జొప్పించుట సృష్టికర్తపై తిరుగుబాటని కొందఱు భక్తులు శంకింతురు. మేమట్లు తలంపము. చెవుడు తీర్చుటయు, కుంటితనమును మాన్పుటయు మన ప్రభువు చేసిన పనులే. అయితే ఆయన చేసిన విధమును గమనింపుడు. శతాధిపతి దాసుని ఆయన దూరమునుండి మాటమాత్రముననే స్వస్థపరచెను. సమీపించుట ఆయనకు అవసరము గాదు. అయినను కుష్ఠరోగి యెదుట నిలిచినపుడు చేయి చాపి వానిని ముట్టెను. ఎవ్వరును ముట్టనివానికి కావలసినది ఆరోగ్యమొక్కటియే కాదని ఆయన యెఱుగును. దూరమునుండి చేయగల శక్తి యున్నను దగ్గఱకు పోయి తాకుట – శక్తికిని ప్రేమకును గల భేద మిదియే. యంత్రము మనకు మొదటిదానిని ఇయ్యగలదు. రెండవదానిని మనమే తేవలెను.

ఇక మన పాఠశాల మాటకు వత్తము. ఇచట వారమునకు రెండు గంటలు వడ్రంగము, నేతపని, కుట్టుపని, తోటపనులకు కేటాయింపబడియున్నవి. వచ్చు సంవత్సరపు కాలపట్టికలో ఆ గంటలను గణితమునకును భౌతికశాస్త్రమునకును ఇచ్చివేయవలెనని పలువురు తలిదండ్రులు కోరుచున్నారు. వారి యాతురత మాకు తెలియును. ప్రవేశపరీక్షలలో ఒక్క మార్కుచేత వేలమంది వెనుకబడు కాలమిది. అప్పు చేసి రుసుము కట్టిన తండ్రికి, బిడ్డ రంపము పట్టుట కాలహరణముగా తోచుట సహజము. తాను జీవితమంతయు చేతిపని చేసి అలసినవాడు తన కుమారుడు కలముతో బ్రదుకవలెనని కోరుటయు న్యాయమే. ఆ కోరికను మేము తేలికగా త్రోసివేయుట లేదు.

అయినను ఒక్క మాట వినుడు. పైన చెప్పిన పండితులందఱును అన్వేషించుచున్నది చేతి జ్ఞానమును. రంపము చెక్కలో నేరుగా పోవుచున్నదో వంకరపోవుచున్నదో కంటికంటె ముందు చేతికి తెలియును. దారము తెగబోవు క్షణము నేతగానికి తెలియును. మట్టి తడి విత్తుటకు చాలునో చాలదో తోటవాడు పిడికిట పట్టి చెప్పగలడు. ఈ జ్ఞానమును పుస్తకములో వ్రాయుట కష్టము. అందుచేతనే దానిని యంత్రమునకు నేర్పుటయు కష్టమైనది. లెక్కలలో మనుష్యుని మించిన యంత్రములు బహుకాలమునుండి కలవు. కాని పండిన టమాటాను చిదుపకుండ కోయుటయు, ముడిపడిన దారమును విప్పుటయు యంత్రమునకు నేటికిని కఠినమైన పనులు. మనము మాత్రము యంత్రమునకు సులభమైనదానినే పిల్లలకు రాత్రింబవళ్లు నేర్పుచు, దానికి దుర్లభమైనదానిని మాన్పించుచున్నాము. ఇది వివేకమా?

విద్యాశాస్త్రజ్ఞులు ఈ సంగతిని ముందే యెఱుగుదురు. 1907లో రోమునగరమున తన బాలగృహమును తెఱచిన మరియా మాంటెస్సోరి, గరుకుకాగితముతో చేసిన అక్షరములను శిశువులచేత వ్రేళ్లతో తడవించి చదువు నేర్పెను. 1939లో మదరాసునకు వచ్చి అడయారునందు మన ఉపాధ్యాయులకు ఆ పద్ధతిని బోధించెను. గాంధీమహాత్ముడు 1937లో వార్ధాయందు ప్రతిపాదించిన విద్యాప్రణాళికకు చేతివృత్తియే కేంద్రము. 2020నాటి జాతీయ విద్యావిధానమును, 6నుండి 8వఱకు గల తరగతుల పిల్లలు పది దినములు సంచి లేకుండ వడ్రంగుల, తోటవారల, కుమ్మరుల చెంత పని నేర్వవలెనని చెప్పుచున్నది. పాల్ బ్రాండు వడ్రంగమున గడపిన యేండ్లను అతని కాలపువారు వ్యర్థమనియే తలచియుందురు. పిమ్మట రోగుల ముడుచుకొన్న చేతులను విప్పినది ఆ చేయియే.

కావున మా మనవి యిది. ఆ రెండు గంటలను తీసివేయకుడు. దానికి బదులు ఆ గంటలను శాస్త్రముతో ముడివేయుడు. వడ్రంగపు గదిలో తులాదండపు సూత్రమును, మగ్గముమీద గణితమును, తోటలో జీవశాస్త్రమును బోధింపవచ్చును. పై తరగతులవారు పాత ఫోనునుండి తీసిన అదురుసాధనముతో, దూరమును కొలుచు చిన్న పరికరముతో, అంధులకు ఉపకరించు చేతికఱ్ఱను చేయ యత్నింపవచ్చును. దానిని సమీపమందలి అంధపాఠశాలవారికి చూపి, వారు చెప్పిన లోపములను దిద్దుకొనవచ్చును. పరికరము నిర్మించువాడు దానిని వాడువాని చెంత కూర్చుండి నేర్చుకొనుటయే మానవుని కేంద్రముగా గొన్న శాస్త్రము. ఇందుచేత పరీక్షలకు నష్టము కలుగదనియు, పాఠములు మఱింత స్థిరముగా నిలుచుననియు మా దృఢవిశ్వాసము. ఒక్క సంవత్సరము ఇట్లు నడిపి, ఫలితములను చూచిన పిమ్మటనే నిర్వాహకులును తలిదండ్రులును తుదినిర్ణయము చేయుదురుగాక.

బాలబాలికలారా! మీలో కొందఱు ముందుముందు ఈ స్పర్శశాస్త్రమును అభ్యసించి, చేయి లేనివారికి చేయి నిర్మింతురని మేము ఆశించుచున్నాము. అందుకు గణితము కావలెను, భౌతికము కావలెను. వానిని శ్రద్ధతో చదువుడు. కాని స్పర్శ యేమో యెఱుగని చేయి ఇతరులకు స్పర్శను ఎట్లియ్యగలదు? మీ వ్రేళ్లకు మట్టిని, చెక్కను, నూలును పరిచయము చేయుడు. వచ్చు వేసవి సెలవులకు ఇండ్లకు పోయినపుడు అమ్మమ్మ చెంత కూర్చుండి, ఆమె నొప్పిగొన్న పాదములకు నూనె రాయుడు. ఆ పనికి ఏ యంత్రమును వేచియుండ నక్కఱలేదు.